అమెరికా పార్టీలు: కలిసిమెలిసి ఉన్న రోజుల ఖరీదు

(తెనాలిలో ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు కూర్చుంటే లేపి ప్రశ్నలడుగుతానేమో అని భయం వద్దు, పాఠాలు చెప్పడం మానేసి చాలాకాలమైంది.

1960లో అమెరికాలో ఒక సర్వే చేశారు. అక్కడ పెద్ద పార్టీలు రెండే, రిపబ్లికన్, డెమొక్రాటిక్. అందులో అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది. మీ అబ్బాయో అమ్మాయో అవతలి పార్టీ వాళ్ళని పెళ్ళి చేసుకుంటే మీకు కష్టంగా ఉంటుందా? రిపబ్లికన్లలో నూటికి అయిదుగురు, డెమొక్రాట్లలో నలుగురు ఉంటుందన్నారు. అంతే! మిగతావాళ్ళకి అసలు ఆ పట్టింపే లేదు. 2010లో దాదాపు అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. ఈసారి రిపబ్లికన్లలో సగం మంది, డెమొక్రాట్లలో మూడోవంతు మంది మాకిష్టం లేదన్నారు.

ఇప్పుడు మీరు చెప్పండి. సంబంధం కలుపుకోవచ్చా లేదా అని మనం మొట్టమొదట దేన్ని ఆరా తీస్తాం? చెప్పక్కర్లేదు, నవ్వుతున్నారుగా, అర్థమైంది. మన దగ్గర కులం కూర్చున్న పీట మీద అక్కడ పార్టీ వచ్చి కూర్చుంది. నేను ఈ సాయంత్రం మాట్లాడదలుచుకున్నది దాని గురించే. విధానాల మీద కొట్టుకోవడం వేరు, అది ప్రజాస్వామ్యంలో ఉండాల్సిందే. అవతలివాడు మనిషే కాదన్నట్టు చూడటం వేరు.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది, దాచకుండా చెప్పాలి. తర్వాత కొందరు పరిశోధకులు ఈ పెళ్ళి ప్రశ్ననే కాస్త మార్చి అడిగారు. వచ్చే అల్లుడో కోడలో అవతలి పార్టీయే, కానీ ఇంట్లో రాజకీయాలు ఎత్తరు, అప్పుడు? అప్పుడు చాలామంది మెత్తబడ్డారు. అంటే కొంతమందికి బాధ అవతలి పార్టీతో కాదు, భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చేవాడితో! ఆ బాధ నాకూ తెలుసు, ఇప్పుడు మీకూ తెలుస్తోంది. కాబట్టి అమెరికా మొత్తం కత్తులు దూసుకుంటోందని అనుకోకండి. కానీ ఎంత తగ్గించి చూసుకున్నా 1960కీ ఇప్పటికీ ఉన్న తేడా మాత్రం పోదు.

మరి ఈ తేడా ఎందుకొచ్చింది? ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. పాత రోజుల్లో నాయకులు పెద్దమనుషులు, సభలో తిట్టుకున్నా బయటికొచ్చాక భుజాల మీద చేతులేసుకునేవాళ్ళు, ఇప్పుడే చెడిపోయారు అని. ఏ పాత రోజుల్లో? అది అడగాలి ముందు.

1856 మే నెల. అక్కడి పార్లమెంటులో రెండు సభలు, సెనేట్, ప్రతినిధుల సభ. అప్పటి గొడవ బానిసత్వం మీద. మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ బానిసత్వానికి వ్యతిరేకంగా రెండు రోజులపాటు మాట్లాడాడు. ఆ ఊపులో, బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రం సౌత్ కరొలినా సెనేటర్ ఆండ్రూ బట్లర్‌ని పేరు పెట్టి దెప్పిపొడిచాడు. బానిసత్వమనే వేశ్యని నెత్తిన పెట్టుకున్నాడన్నాడు. బట్లర్‌కి మాట సరిగ్గా రాదు, దాన్నీ వెక్కిరించాడు. ఆ రోజు బట్లర్ సభలో లేడు కూడా. మే 22న బట్లర్ బంధువు, ప్రతినిధుల సభ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ నేరుగా సెనేట్ హాల్లోకి వచ్చాడు. సభ ముగిసింది, సమ్నర్ తన బల్ల దగ్గర తలొంచుకుని రాసుకుంటున్నాడు. బ్రూక్స్ చేతిలో బంగారు పిడి ఉన్న చేతికర్ర. కొట్టడం మొదలుపెట్టాడు. ఆ బల్లలు నేలకి బిగించి ఉంటాయి. సమ్నర్ కాళ్ళు బల్ల కింద ఇరుక్కుపోయాయి, లేవలేడు. చివరికి బల్లతో సహా పెకిలించుకుని లేచాడు. కర్ర ముక్కలయ్యేదాకా కొట్టాడు బ్రూక్స్.

తర్వాత ఏం జరిగిందో వినండి, అసలు సంగతి అక్కడుంది. బ్రూక్స్‌ని సభ నుంచి బహిష్కరించాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, అవి రాలేదు. తనే రాజీనామా చేసి ఇంటికెళ్ళాడు, జనం మళ్ళీ గెలిపించి పంపారు. దక్షిణాది నుంచి ఆయనకి కొత్త చేతికర్రలు కానుకలుగా వచ్చాయి. కోర్టు వేసిన శిక్ష 300 డాలర్ల జరిమానా. అటు సమ్నర్ కోలుకుని మళ్ళీ పూర్తిగా సభకి రావడానికి మూడేళ్ళు పట్టింది. మసాచుసెట్స్ వాళ్ళు ఆ ఖాళీ కుర్చీకే మళ్ళీ ఆయన్ని ఎన్నుకున్నారు. పెద్దమనుషుల రోజులన్నమాట!

ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తారా? వెనకాల వినపడటం లేదంటున్నారు. ఆఁ, చాలు.

అయితే కలిసిమెలిసి ఉన్న రోజులు అసలు లేవా? ఉన్నాయి. ఇంచుమించు 1930ల నుంచి 1970ల దాకా. ఎంతగా కలిసిపోయారంటే, 1950లో అమెరికా రాజనీతి శాస్త్రజ్ఞుల సంఘం ఒక నివేదిక ఇచ్చింది. మన రెండు పార్టీలకీ తేడా సరిగ్గా తెలియడం లేదు, ఓటరు దేన్ని చూసి ఎంచుకోవాలి, పార్టీలు మరికాస్త విడివిడిగా నిలబడాలి అని దాని సారాంశం. కోరుకున్నది దొరికింది కదా పాపం!

ఆ కలివిడితనం ఎలా వచ్చింది? డెమొక్రాటిక్ పార్టీలో న్యూయార్క్ కార్మిక నాయకుడూ ఉన్నాడు, మిసిసిపీలో నల్లవాళ్ళని ఓటు దగ్గరికి రానివ్వని భూస్వామీ ఉన్నాడు. రిపబ్లికన్ పార్టీ, బానిసత్వాన్ని తీసేసిన లింకన్ పార్టీ. అందులో వ్యాపారులూ ఉన్నారు, నల్లవాళ్ళ హక్కుల కోసం ఓటేసే ఉదారవాదులూ ఉన్నారు. పార్టీ లోపలే ఇంత తేడా ఉన్నప్పుడు అవతలి పార్టీని మొత్తంగా ద్వేషించడం కుదరదు. ఈ బిల్లుకి ఇటువైపువాడు కావాలి, ఆ బిల్లుకి అటువైపువాడు కావాలి. బాగానే ఉంది కదూ? బాగానే ఉంది, కానీ ఆ స్నేహానికి ఒక షరతు ఉంది. దక్షిణాది డెమొక్రాట్ల ఊళ్ళో నల్లవాళ్ళకి ఏం జరుగుతోందో ఎవరూ అడగకూడదు.

నల్లవాళ్ళని గుంపుగా వచ్చి పట్టుకెళ్ళి చెట్టుకి వేలాడదీసి చంపేవాళ్ళు. ఆ హత్యల్ని జాతీయ స్థాయి నేరం చేయాలని బిల్లు పెట్టారు. 1922లో ప్రతినిధుల సభలో గెలిచింది. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు ఓటింగ్ దాకా రానివ్వకుండా మాట్లాడుతూ కూర్చుని చంపేశారు. 1937లో మళ్ళీ ప్రతినిధుల సభలో గెలిచింది, సెనేట్‌లో మళ్ళీ అదే కథ. 1940లో మళ్ళీ. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంతటివాడు దాని కోసం గట్టిగా నిలబడలేదు. సభల కమిటీలు చాలావరకు దక్షిణాది వాళ్ళ చేతుల్లో ఉన్నాయి, ఇది ముట్టుకుంటే మిగతావి ఆపేస్తారని ఆయన లెక్క. ఆ చట్టం చివరికి ఎప్పుడొచ్చిందో తెలుసా? 2022 మార్చిలో. నూరేళ్ళు! మధ్యలో దాదాపు రెండు వందల ప్రయత్నాలు వీగిపోయాయి. రెండు పార్టీలవాళ్ళూ సాయంత్రం పూట కలిసి కూర్చున్న ఆ బల్ల ఖరీదు కట్టినవాళ్ళు వేరే ఉన్నారు, నల్లవాళ్ళు. ఆ రోజులు బంగారం అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ షరతు తెగింది 1964లో. పౌర హక్కుల చట్టం. సెనేట్‌లో అరవై రోజులు నడిచింది చర్చ. చర్చ అనకూడదు, అడ్డగింత. దాన్ని ఆపాలంటే అప్పట్లో మూడింట రెండొంతులు కావాలి, 67 ఓట్లు. జూన్ 10న ఓటింగ్. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కి మెదడులో కణితి, మాట పడిపోయింది. చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. పేరు పిలిచారు. నోరు తెరిచాడు, మాట రాలేదు. చెయ్యి మెల్లిగా ఎత్తి తన కంటివైపు చూపించాడు. అక్కడ సభలో సరేననడానికి 'ఐ' అంటారు, అదే ఆయన చూపించింది. 71 ఓట్లు వచ్చాయి. ఎంగిల్ ఆ జూలై నెలాఖరుకి చనిపోయాడు.

చివరి ఓటింగులో 73 మంది అవునన్నారు, 27 మంది కాదన్నారు. రిపబ్లికన్లు 33 మందిలో 27 మంది అవునన్నారు, ఎవరెట్ డర్క్‌సన్ అనే వాళ్ళ నాయకుడు దగ్గరుండి కూడగట్టాడు. కాదన్న 27 మందిలో 21 మంది డెమొక్రాట్లే. ఇవాళ్టి వార్తలు చూసేవాళ్ళకి ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. కానీ ఆ కాదన్న ఆరుగురు రిపబ్లికన్లలో ఒకడు బారీ గోల్డ్‌వాటర్. అయిదు నెలలు తిరక్కుండా అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థిగా నిలబడి దేశమంతా చిత్తుగా ఓడాడు. సొంత రాష్ట్రం అరిజోనా కాక గెలిచింది అయిదే రాష్ట్రాలు. లూసియానా, మిసిసిపీ, అలబామా, జార్జియా, సౌత్ కరొలినా. తరతరాలుగా డెమొక్రాట్ల కోటలవి! సౌత్ కరొలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ ఆ సెప్టెంబరులోనే పార్టీ మారిపోయాడు.

అక్కణ్ణించి ముప్ఫై ఏళ్ళు పట్టింది జల్లెడ పట్టడం పూర్తవడానికి. దక్షిణాది తెల్లవాళ్ళు, గట్టి మతవిశ్వాసులు, పల్లెలవాళ్ళు ఒక పక్కకి. నల్లవాళ్ళు, నగరాలు, క్రమంగా పెద్ద చదువులవాళ్ళు ఇంకో పక్కకి. ఒకప్పుడు మనిషి చర్చి, ఊరు, రంగు, పార్టీ నాలుగూ నాలుగు వైపులా లాగేవి. ఇప్పుడు నాలుగూ ఒకే వైపు. అప్పుడు ఎన్నికల్లో ఓడితే పార్టీ ఒక్కటే ఓడినట్టు కాదు, తన చర్చీ, తన ఊరూ, తన రంగూ ఓడినట్టు. ద్వేషం పుట్టేది ఇక్కడే అని నా అభిప్రాయం. టీవీలూ ఫోనులూ పెట్రోలు పోశాయి, నిజమే. 1987లో ప్రసారాల్లో రెండు పక్షాలూ వినిపించాలన్న నిబంధన ఎత్తేశారు, 1996లో ఫాక్స్ న్యూస్ వచ్చింది, అదే ఏడు ఎమ్‌ఎస్‌ఎన్‌బీసీ వచ్చింది. కానీ కట్టెలు అప్పటికే పేర్చి ఉన్నాయి.

మనకి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి, లేకపోతే మీరు ఊరుకోరు. ఈ హాల్లో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా! ఆ పిల్లలు వెళ్ళిన దారి తెరిచింది 1965 వలస చట్టం. అంతకుముందు 1946 నుంచి భారతీయులకి ఏడాదికి వంద మంది కోటా ఉండేది. వంద! ఆ వంద తెచ్చిన బిల్లు ఇద్దరి పేరు మీద ఉంది. క్లేర్ బూత్ లూస్ రిపబ్లికన్, ఇమాన్యుయేల్ సెల్లర్ డెమొక్రాట్. 1965 చట్టం సెనేట్‌లో 76-18తో గెలిచింది, రెండు పార్టీలూ కలిసి వేశాయి. అంటే మనవాళ్ళు అక్కడికి చేరింది పార్టీలు ఇంకా కలగాపులగంగా ఉన్న రోజుల చివరి అంకంలో, పౌర హక్కుల ఉద్యమం తెరిచిన తలుపులోంచి. ఇవాళ ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉష తెలుగింటి ఆడపడుచు, రిపబ్లికన్ పక్షం. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాదులో పుట్టారు, డెమొక్రాట్. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇద్దరికీ శుభాకాంక్షలు పెడతాం, ఆ తర్వాత ఆ గ్రూపులోనే ట్రంప్ మీద కొట్టుకుని ఒకరిద్దరు బయటికి పోతారు. 2024 డిసెంబరులో హెచ్‌1బీ మీద గొడవ గుర్తుందా? అది రెండు పార్టీల మధ్య కాదు, ట్రంప్ పక్షంలోనే రెండు ముఠాల మధ్య. మరుసటి సెప్టెంబరుకి కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్ల రుసుము వచ్చింది. మనం ఏ పార్టీ అని ఆ లెక్కలో ఎవరూ అడగలేదు.

సరే, సభలో ఏం మారిందో రెండు మాటలు. 1965లో మెడికేర్, అంటే ముసలివాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా, వచ్చినప్పుడు ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు దాదాపు సగం మంది ఓటేశారు. 2010లో ఒబామా ఆరోగ్య చట్టానికి ఒక్కరంటే ఒక్కరు వేయలేదు. సుప్రీంకోర్టు జడ్జీలకి సెనేట్ ఒప్పుకోవాలి. 1986లో స్కలియాని 98-0తో ఒప్పుకున్నారు, 1993లో గిన్స్‌బర్గ్‌ని 96-3తో. ఆ ఇద్దరి తీర్పులూ ఉత్తరదక్షిణాలు, కానీ ఇద్దరూ ప్రాణస్నేహితులు. 1994లో మన దేశం వచ్చి ఒకే ఏనుగెక్కి ఫోటో దిగారు. 2018లో కావనా 50-48, 2022లో జాక్సన్ 53-47. ఏనుగులెక్కే కాలం పోయింది.

ఇక దురభిప్రాయం సంగతి. అవతలివాళ్ళ గురించి ఎంత తెలుసో కనుక్కుందామని పరిశోధకులు అడిగారు. రిపబ్లికన్లలో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పైన సంపాదించేవాళ్ళు నూటికెంతమంది? జనం సగటున 38 అన్నారు. నిజానికి ఇద్దరు! డెమొక్రాట్లలో స్వలింగ సంపర్కులు వగైరా ఎంతమంది? 32 అన్నారు. నిజానికి ఆరుగురు. ఇంకో ప్రయోగంలో ఇద్దరు విద్యార్థుల దరఖాస్తులు ఇచ్చి, స్కాలర్‌షిప్ ఎవరికిస్తారని అడిగారు. దరఖాస్తులో పార్టీ సూచన ఉంది. నూటికి దాదాపు 80 మంది తమ పార్టీ పిల్లవాడికే ఇచ్చారు, అవతలివాడికి మార్కులు ఎక్కువున్నా సరే. రంగు వివక్ష చూపితే సిగ్గుపడాలని అక్కడ జనానికి నేర్పారు. పార్టీ వివక్ష చూపితే సిగ్గుపడాలని ఎవరూ నేర్పలేదు. అది హాయిగా చూపించొచ్చు. 2022లో ప్యూ అనే సర్వే సంస్థ అడిగితే రిపబ్లికన్లలో 72 శాతం, డెమొక్రాట్లలో 63 శాతం అవతలి పార్టీవాళ్ళు మిగతా అమెరికన్లకంటే నీతిలేనివాళ్ళన్నారు. ఆరేళ్ళ ముందు ఆ అంకెలు 47, 35.

2008 అక్టోబరు, మిన్నెసోటాలో లేక్‌విల్ అనే ఊరు. రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి మెకెయిన్ సభ, ఆయన పోటీ ఒబామాతో. ఒకావిడ మైకు పట్టుకుని, ఒబామాని నమ్మలేను, అతను అరబ్బు అంది. మెకెయిన్ తల అడ్డంగా ఊపుతూ మైకు వెనక్కి తీసుకున్నాడు. కాదమ్మా, ఆయన మర్యాదస్తుడు, కుటుంబం ఉన్నవాడు, నాకు ఆయనతో కొన్ని విషయాల్లో అభిప్రాయభేదం ఉంది, అంతే అన్నాడు. సొంత జనమే గోల చేశారు ఆ సభలో. అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ మళ్ళీ ఒకసారి వినండి. అరబ్బు అంటే, కాదు మర్యాదస్తుడు అన్నాడు. అరబ్బు మర్యాదస్తుడు కాకూడదా? ఆ రోజు అక్కడున్నవాళ్ళలో అత్యంత సంస్కారవంతుడి నోట్లోంచి వచ్చిన మాట అది.

రెండు పక్షాలూ సమానమే అని చేతులు దులుపుకుంటే నాకూ సుఖమే, ఎవరూ నన్ను తిట్టరు. కానీ అది నిజం కాదు. 2021 జనవరి 6న, ట్రంప్ ఓడిన ఎన్నిక తర్వాత, ఆయన అభిమానుల గుంపు పార్లమెంటు భవనంలో పడి విధ్వంసం చేసిన తర్వాత, అదే రాత్రి, 147 మంది రిపబ్లికన్ సభ్యులు ఆ ఎన్నిక ఫలితాల్ని తిరస్కరించాలని ఓటేశారు. దానికి జోడీ అవతలివైపు లేదు. అలాగని అటువైపు తక్కువ తిన్నారని కాదు. 2016లో హిల్లరీ క్లింటన్ ట్రంప్ మద్దతుదారుల్లో సగం మందిని ఛీ కొట్టదగ్గ బాపతు కింద జమకట్టింది. పల్లెటూరివాడి యాసని, వాడి చర్చిని చూసి నవ్వే చదువుకున్నవాళ్ళ అహంకారం ఒకటుంది, అది బాగా గుచ్చుకుంటుంది. ఇక తుపాకి పార్టీ చూడటం లేదు. 2017లో రిపబ్లికన్ నాయకుడు స్కలీస్, 2025 జూన్‌లో మిన్నెసోటా డెమొక్రాట్ మెలిస్సా హార్ట్‌మన్, సెప్టెంబరులో ట్రంప్ మద్దతుదారు చార్లీ కర్క్. స్కలీస్ ఒక్కడే బతికాడు.

మరి మంచివాళ్ళు ఎదురుతిరగరా? తిరిగారు. అభ్యర్థిని అక్కడ పార్టీ హైకమాండు ఖరారు చేయదు. ప్రైమరీ అని ముందే ఒక ఎన్నిక, చాలా రాష్ట్రాల్లో అందులో వేసేది ఎక్కువగా ఆ పార్టీ వీరాభిమానులే. నియోజకవర్గాల గీతలు తమకి అనుకూలంగా గీసుకోవడంతో ఎక్కువ సీట్లలో ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. 2025లో టెక్సాస్ రిపబ్లికన్లు మధ్యలోనే గీతలు మార్చారు, కాలిఫోర్నియా డెమొక్రాట్లు బదులుగా తమవీ మార్చారు. అంటే అసలు పోటీ ప్రైమరీలోనే. జనవరి 6 తర్వాత ట్రంప్ అభిశంసనకి ప్రతినిధుల సభలో పదిమంది రిపబ్లికన్లు ఓటేశారు. నలుగురు మళ్ళీ నిలబడనేలేదు. నలుగురు ప్రైమరీలో ఓడారు, అందులో లిజ్ చేనీ ఒకరు. మిగిలింది ఇద్దరు, ఒకరిది కాలిఫోర్నియా, ఒకరిది వాషింగ్టన్ రాష్ట్రం. ఆ రెండు చోట్లా పద్ధతి వేరు. అన్ని పార్టీలకీ కలిపి ఒకటే ప్రైమరీ, అందరూ ఓటేయొచ్చు, మొదటి ఇద్దరూ ముందుకెళ్తారు. ఓడిన నలుగురిలో ఒకరిది వాషింగ్టనే, కాబట్టి అది మంత్రదండం కాదు. సెనేట్‌లో దోషి అని ఓటేసిన లీసా ముర్కౌస్కీ 2022లో అలాస్కాలో మళ్ళీ గెలిచింది. అక్కడ మొదటి నలుగురు ముందుకెళ్తారు, ఓటరు ఒకటి రెండు మూడు అని వరస రాస్తాడు.

మరి ఆ పద్ధతి అంతటా పెట్టొచ్చుగా? 2024లో కొలరాడో, నెవాడా, ఐడహో ఓటర్లని ఇదే అడిగారు. మూడు చోట్లా వద్దన్నారు. అలాస్కాలో ఉన్నదాన్ని తీసేద్దామా అన్నారు, కొన్ని వందల ఓట్ల తేడాతో బతికింది.

నా మాట ఇంతే. ప్రశ్నలకి అరగంట ఉంది. ముందు ఆ కిటికీ పక్కనున్న అమ్మాయికి మైకు ఇవ్వండి, ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంది.